ఇక్కడ ఆగాను

ఆ వానాకాలం నెలన్నర పాటు మా అక్క నల్లకళ్లద్దాలు పెట్టుకుని వాలుకుర్చీలో మహారాణిలా కూర్చుంది. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. చదవడం, కుట్టడం, వంగి ఊడవడం అన్నీ బంద్ అన్నాడు డాక్టరు. "తమ్ముణ్ణి తిట్టడం కూడా బంద్ అని రాయండి సార్" అని బతిమాలాను గానీ, ఆయన ఆ ఒక్కటీ రాయలేదు.

దాంతో రోజూ సాయంత్రం అక్కకి పేపరు చదివి వినిపించే పని నా నెత్తిన పడింది.

నేను బోర్డులు రాసే పెయింటర్ని. మా వీధిలో సగం షాపుల మీదున్న అక్షరాలు నా చేతివే. బడికి మాత్రం ఆరో తరగతి సగంలో ఉండగానే దణ్ణం పెట్టేశాను. ఎదురుగా అక్షరం కనిపిస్తే గడగడా చదివేస్తాను, ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా ఒక్కటే. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు జారిపోతుంది. పేరా పూర్తయ్యేసరికి ఎవరు ఎవర్ని ఏం చేశారో నాకు తెలియదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా గడిపేయడానికి నా దగ్గర నవ్వులాట ఉండేది.

"ఏంట్రా ఇవాళ విశేషాలు?" అంది అక్క, మొదటిరోజు.

పేపరు విప్పాను. పైన పెద్ద అక్షరాలు చదివాను. కింద చిన్న అక్షరాల్లో నాలుగు లైన్లు పోయాక దారి తప్పాను. గొంతు తగ్గించకుండా అలాగే అందుకున్నాను. "పోస్టాఫీసులోకి మేక దూరిందట అక్కా. పదమూడు ఉత్తరాలు నమిలేసిందట. పోస్టుమాస్టరు దాన్ని కుర్చీకి కట్టేసి, ఒక్కో ఉత్తరం ఎవరిదో చెప్పమని అడుగుతున్నాడట."

"నోర్ముయ్ వెధవా! కుట్లు తెగేలా నవ్వించకు" అంది అక్క, పొట్ట పట్టుకుని.

అప్పటినుంచి రోజూ ఆ మేక పేపర్లోకి వస్తూనే ఉంది. ఒకరోజు కోర్టుకెక్కింది. ఇంకోరోజు దానికి బెయిలొచ్చింది. తమ్ముడు కావాలనే అల్లరి చేస్తున్నాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. అందరూ అంటే ఇద్దరే. అక్క, అక్క కూతురు.

నా మేనకోడలు ఆ ఏడే బడిలో టీచరుగా చేరింది. అయిదో తరగతి ఇచ్చారు. ఒకరోజు సాయంత్రం గొడుగు కూడా ముడవకుండా ఇంట్లోకొచ్చి, తడి కాళ్లతోనే బల్లమీద కూలబడింది.

"ఏం పంతులమ్మా, బడి కూలిందా?"

"నవ్వకు మావయ్యా. మా పిల్లలు చదువుతున్నారు గానీ చదవట్లేదు."

"కాస్త మనుషుల భాషలో చెప్పమ్మా."

"పాఠం ఇస్తే పైనుంచి కిందికి టకటకా చదివేస్తారు. ఒక్క తప్పూ పోదు. అందులో ఏమైందిరా అని అడిగితే కప్పు వంక చూస్తారు. ముప్పై ఒక్కమంది ఉన్నారు, ముప్పై ఒక్కమందీ కప్పు వంకే!"

నేను కూడా కప్పు వంక చూశాను. అదృష్టం కొద్దీ ఒకచోట కారుతోంది. "ఇక్కడ బకెట్ పెట్టాలి" అని లేచాను.

"కూర్చో. ఇవాళ హెడ్ మేడం పిలిచింది. నెలాఖరులో తనిఖీ ఆఫీసరు వస్తాడట. పిల్లల చేత చదివించి, చదివిన దాంట్లోంచే ప్రశ్నలు అడుగుతాడట. అప్పటికీ ఇలాగే ఉంటే క్లాసు మొత్తాన్ని నాలుగులోకి దింపేస్తారు. నా చోట్లో ఇంకొకరొస్తారు. నేను పోతే పోయాను మావయ్యా. వాళ్లని వెనక్కి దింపితే సగం మంది మళ్లీ బడి మొహం చూడరు."

అది నిజమని నాకు తెలుసు. నన్నూ ఒక ఏడు అలాగే వెనక్కి దింపారు. ఆ పైన ఎంతకాలం బడికెళ్లానో ఇందాక చెప్పాను కదా.

"నువ్వేమని చెప్తున్నావు వాళ్లకి?"

"బాగా చదవండి, శ్రద్ధగా అర్థం చేసుకోండి అని."

"బాగా అంటే?"

"బాగా అంటే... బాగా."

నాకు నవ్వాగలేదు. "ఓసి నీ దుంపతెగ! నా దగ్గరికొచ్చి 'బోర్డు బాగా రాయవయ్యా' అంటే నేను ఎవరికి చెప్పుకోను? నాకు మూడు లెక్కలున్నాయి. రోడ్డు అవతల కరెంటు స్తంభం దగ్గర నిలబడితే, కళ్లు చిట్లించకుండా చదవగలగాలి. దారం పట్టి చూస్తే ఒక్క అక్షరం కూడా కిందికి జారకూడదు. తెల్లారి వేలితో రుద్దితే రంగు అంటకూడదు. ఈ మూడూ కుదిరితే బాగున్నట్టు. ఓనరు వచ్చి మెచ్చుకోనక్కర్లేదు, నాకే తెలిసిపోతుంది."

కోడలు పిల్ల నా వంక చూసింది. ఆ చూపు నేను ఎప్పుడూ చూడలేదు. వెంటనే సంచీలోంచి నోటుబుక్కు తీసింది.

"మావయ్యా, మళ్లీ చెప్పు."

"ఏంటి మళ్లీ చెప్పేది? స్తంభం, దారం, వేలు."

"అమ్మా! నీ తమ్ముడికి బుర్ర ఉంది!" అని కేక పెట్టింది.

"ఎక్కణ్ణుంచి తెచ్చాడో కనుక్కో. ఎవరిదైనా అయితే తిరిగిచ్చేద్దాం" అంది అక్క కుర్చీలోంచి.

మర్నాడే నన్ను బడికి లాక్కెళ్లింది. గోడమీద రాయాలని చెప్పింది గానీ ఏం రాయాలో చెప్పలేదు. "పిల్లలు చెప్తారు, నువ్వు నిచ్చెనెక్కి రెడీగా ఉండు" అంది. నేను నిచ్చెనమీద కుంచె పట్టుకుని కూర్చున్నాను. కింద ముప్పై ఒక్క బుర్రలు నన్నే చూస్తున్నాయి. నేను ఊరుకుంటానా? కుంచె మీసంలా పెట్టుకున్నాను. క్లాసంతా గొల్లుమంది.

"మావయ్యా, నిన్ను కూడా బెంచీ ఎక్కిస్తాను" అంది టీచరు.

"బెంచీ కంటే ఎత్తులోనే ఉన్నాను టీచర్."

ఆమె నన్ను వదిలేసి పిల్లల వైపు తిరిగింది. "మనం చదివింది మనకి అర్థమైందని మనకే ఎలా తెలుస్తుంది?"

"మీరు గుడ్ అంటే తెలుస్తుంది టీచర్" అన్నాడొకడు.

"నేను లేనప్పుడు?"

"బెల్లు కొడితే" అంది ఒక పిల్ల. ఆ జవాబు నాకు భలే నచ్చింది.

గంటసేపు బేరాలు నడిచాయి. చివరికి మొదటి లైను కుదిరింది: 'ఎవరు, ఏం కావాలనుకున్నారు, చివరికి ఏమైందో పుస్తకం మూసేసి నా మాటల్లో చెప్పగలను.' రాశాను. రెండోది: 'నేను చెప్పినదానికి పాఠంలో వేలు పెట్టి చూపించగలను.' రాయబోతుంటే టీచరు ఆపింది, ముందు పరీక్షించి చూద్దామంది. వాళ్ల పాఠంలోని నక్క కథ తీయించి, నక్క ఆకలితో ఉందని ఎలా తెలుసు, చూపించండి అంది. ముప్పై ఒక్క వేళ్లూ టపటపా పడ్డాయి. అన్నీ నక్క బొమ్మ మీదే.

"బొమ్మలో డొక్కలు కనిపిస్తున్నాయి టీచర్!"

నేను నిచ్చెన మీంచి పడబోయాను నవ్వలేక. టీచరు కూడా నవ్వింది, కానీ వదల్లేదు. దాంతో ఆ లైను మారింది: 'నేను చెప్పినదానికి పాఠంలో ఏ మాట సాక్ష్యమో, ఆ మాట మీద వేలు పెట్టి చూపించగలను.' మళ్లీ పుస్తకాల్లో తలలు దూర్చారు. ఈసారి వేళ్లు మెల్లగా కదిలాయి. ఒక మూల నుంచి "దొరికింది!" అని అరుపు. వెంటనే ఇంకో మూల నుంచి, "నాకు రెండు దొరికాయి!" సంతలో కూడా అంత గోల ఉండదు. పక్క క్లాసు టీచరు తొంగిచూసి, దొంగ దొరికాడేమో అనుకుని వెళ్లిపోయింది.

మూడో లైను మాత్రం ఒక పిల్ల వల్ల వచ్చింది. ఆ పిల్లకి నేను అప్పటికే మెయిలు అని పేరు పెట్టాను. చదవడం మొదలుపెడితే మెయిలు రైల్లా ఏ స్టేషనులోనూ ఆగదు. చుక్కలూ లేవు, కామాలూ లేవు, ఊపిరి కూడా లేదు.

"ఎందుకమ్మా అంత స్పీడు?" అంది టీచరు.

మెయిలు గౌను అంచు నలుపుకుంది. "ఆగితే అర్థం కాలేదని అందరికీ తెలిసిపోతుంది టీచర్. నవ్వుతారు."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. నిచ్చెన మీదున్నవాడు కూడా నవ్వలేదు.

టీచరు ఆ పిల్ల బెంచీ దగ్గరికొచ్చింది. "అయితే ఆగడం కూడా గెలిచినట్టే లెక్క వేద్దామా?"

అలా పుట్టింది: 'అర్థం కానిచోట ఇక్కడ ఆగాను అని ధైర్యంగా చెప్పి, వెనక్కెళ్లి మళ్లీ చదువుతాను.'

రాసి దిగాక కోడలు పిల్ల దూరం నుంచి చూసింది. "మావయ్యా, మూడో లైను వంకరపోయింది."

"నిచ్చెన కదిలింది" అన్నాను.

ఆ తర్వాత మూడు వారాలూ బడిలో తిరణాలే. నేను తలుపులకు రంగులేసే వంక పెట్టుకుని రోజూ వెళ్లేవాణ్ణి. ఆ క్లాసు తలుపుకి నాలుగు కోటింగులు పడ్డాయి. "ఇక్కడ ఆగాను!" అని ఒకడు అరిస్తే చాలు, మిగతావాళ్లంతా ఎక్కడ, ఎక్కడ అని ఆ లైను మీదికి ఎగబడేవాళ్లు. ముందు లైన్లో దొరుకుతుందంటాడొకడు. కాదు, తర్వాత లైన్లో ఉందంటుంది ఇంకొకతె. దొరికినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి! రోజుకి ఎక్కువసార్లు ఆగినవాళ్లకి బోర్డు తుడిచే పని. ఆ పని కోసం కొట్టుకున్నారు. మెయిలు కూడా ఒకసారి ఆగింది. ఆగి, తనే భయపడి చుట్టూ చూసింది. ఎవరూ నవ్వకపోయేసరికి ఆ రోజు ఇంకో ఏడుసార్లు ఆగింది.

ఇంటికెళ్లి మాత్రం నేను మేకనే చదివేవాణ్ణి.

తనిఖీ ఇంక నాలుగు రోజుల్లో ఉందనగా, క్లాసులో వెనక గోడ ఖాళీగా ఉందని హెడ్ మేడంకి కనిపించింది. కోడలు పిల్ల ఒక చిన్న కథ కాగితం మీద రాసిచ్చింది. "పెద్ద అక్షరాలతో గోడమీద దింపెయ్ మావయ్యా" అంది. శనివారం మధ్యాహ్నం, బడి మూసేశాక, ఒక్కణ్ణే కూర్చున్నాను. ఒక పడవవాడి కథ. గాలివాన వేళ అవతలి ఒడ్డున ఒక ముసలమ్మ చిక్కుకుపోయింది. పడవవాడి దగ్గర ఒకటే తెడ్డు. అయినా బయల్దేరి, గాలికెదురు తెడ్డు వేసుకుంటూ పోయి, ఆమెని తీసుకొచ్చాడు.

రాస్తూ రాస్తూ నా చెయ్యి దురదపెట్టింది. అది పుట్టుకతో వచ్చిన రోగం. 'పడవవాడి దగ్గర ఒకటే తెడ్డు ఉంది' అన్నదాని తర్వాత, నా సొంతంగా ఒక వాక్యం కలిపాను: 'ఆ తెడ్డు పొద్దున్నే రెండు ముక్కలైపోయింది.' మిగతా కథ ఉన్నదున్నట్టే దింపాను. సోమవారం పొద్దున టీచరమ్మ చూసి కెవ్వుమంటుంది, నేను కడుపారా నవ్వుకుని, ఆ లైను మీద తెల్లరంగు కొట్టేస్తాను, మంగళవారానికి ఆరిపోతుంది. అదీ నా పథకం.

సోమవారం పొద్దున తెల్లరంగు డబ్బాతో క్లాసులోకి అడుగుపెట్టానో లేదో, వెనకే హెడ్ మేడం వచ్చింది. ఆమె పక్కన పొడుగ్గా, గొడుగు చేతికి తగిలించుకుని ఒకాయన.

"బుధవారం అనుకున్నాం, సార్ ఇవాళే వచ్చేశారు" అంటోంది ఆమె, చీర చెంగుతో మొహం ఒత్తుకుంటూ.

కోడలు పిల్ల నల్లబల్ల దగ్గర నిలబడి ఉంది. వెనక గోడ ఇంకా చూడలేదు. నేను కళ్లతో సైగ చేశాను, చేత్తో తెడ్డు వేసి చూపించాను, మధ్యలో విరిచి చూపించాను. ఎప్పటిలాగే కోతివేషాలనుకుని మొహం తిప్పుకుంది. నలభై ఏళ్లు కోతివేషాలేసినవాడికి ఒక్కరోజు నిజం చెప్పాల్సొస్తే ఎవరు నమ్ముతారు? డబ్బా పట్టుకుని గోడవైపు రెండడుగులు వేశాను.

"రంగులాయనా, కాస్త పక్కకి జరుగు" అన్నాడు ఆఫీసరు. ఆయన కళ్లు అప్పుడే గోడమీద పడ్డాయి. "ఓహో, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయే! అందరూ వెనక్కి తిరగండి. ముందు నేను చదువుతాను, తర్వాత ప్రశ్నలు."

చదివాడు. ఏం గొంతు ఆయనది! గాలివాన దగ్గర గొంతు ఉరిమింది, ముసలమ్మ దగ్గర వణికింది. 'పడవవాడి దగ్గర ఒకటే తెడ్డు ఉంది. ఆ తెడ్డు పొద్దున్నే రెండు ముక్కలైపోయింది.' అక్కడ జాలిగా తలాడించాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఆయన ఆగలేదు. 'గాలికెదురు తెడ్డు వేసుకుంటూ పోయాడు' దగ్గర ఛాతీ విరుచుకుని మరీ చదివాడు. హెడ్ మేడం చప్పట్లు కొట్టింది.

కోడలు పిల్ల మాత్రం గోడవైపు, నావైపు చూసింది.

"చెప్పండి. పడవవాడు ఎలాంటివాడు?" అన్నాడు ఆఫీసరు.

ఒక్కరూ మాట్లాడలేదు. ముప్పై ఒక్కమందీ కదలకుండా కూర్చున్నారు. ఈసారి మాత్రం కప్పు వంక చూడట్లేదు. అందరి కళ్లూ గోడమీదే, ఒకేచోట, ముందుకీ వెనక్కీ వెళ్తున్నాయి. ఆయనకది తెలియదు కదా. హెడ్ మేడం వైపు తిరిగి పెదవి విరిచాడు. ఆమె కోడలు పిల్ల వైపు చూసింది. ఆ చూపుతో ఆ పిల్ల ఉద్యోగం ఊడిపోయిందనే అనుకున్నాను. నేనే చేశానని చెప్పేద్దామని నోరు తెరిచాను.

"సార్, ఇక్కడ ఆగాను."

మెయిలు! చెయ్యెత్తి నిలబడింది.

"ఆగావా? ఏం ఆగడం?"

"అర్థం కాకపోతే ఆగాలి సార్. మా గోడమీద ఉంది." ఎదురు గోడ చూపించింది. ఆ వంకర లైను. "మీరు కూడా ఆగుతారేమో అనుకున్నాం సార్."

నేను డబ్బా గుండెకి హత్తుకున్నాను. ఆఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఎక్కడ అర్థం కాలేదు నీకు?"

"చూపిస్తా సార్." గోడదాకా నడిచొచ్చి ఒక వేలు కింది లైను మీద పెట్టింది. "ఇక్కడ తెడ్డు వేసుకుంటూ పోయాడు." ఇంకో చెయ్యి చాచింది, పై లైను అందలేదు. మునివేళ్ల మీద లేచింది, అప్పటికీ అందలేదు. నేను నిచ్చెన లాక్కొచ్చి వేశాను. ఎక్కి రెండో వేలు పెట్టింది. "ఇక్కడేమో పొద్దున్నే విరిగిపోయింది. విరిగిన తెడ్డుతో ఎలా పోయాడు సార్?"

అంతే, క్లాసు కట్ట తెగింది.

"అతను వేరే తెడ్డు తెచ్చుకున్నాడేమో!"

"లేదు, ఒకటే తెడ్డు అని ఉంది, చూడు!"

"ముక్కతో వేశాడేమో సార్!"

"ఏ మాట సాక్ష్యం? వేలు పెట్టి చూపించు!"

"ఎవరో తప్పు రాశారు సార్! ఆ లైను తీసేస్తే కథ సరిగ్గా ఉంటుంది!"

ఆ చివరిమాట అన్నవాడెవడో గానీ, వాడి మీద నాకు ఒకేసారి కోపమూ ముద్దూ వచ్చాయి. ఆఫీసరు గోడ దగ్గరికొచ్చి, పెదవులు కదుపుతూ, ఈసారి గొంతు లేకుండా చదువుకున్నాడు. పైకి వెళ్లాడు. కిందికొచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఎదురు గోడకి వెళ్లి మూడు లైన్లూ తన పుస్తకంలో రాసుకున్నాడు.

"ఆ తప్పు వాక్యం మీరే కావాలని పెట్టారా టీచర్?"

కోడలు పిల్ల నా వంక చూసింది. "మా ఇంట్లోనే తయారైంది సార్" అంది.

ఆయన మెయిలుని నిచ్చెన మీంచి చెయ్యిపట్టుకుని దింపాడు. "ఈ క్లాసు ఎక్కడికీ దిగదు" అన్నాడు హెడ్ మేడంతో. ముప్పై ఒక్కమందీ బల్లలు బాదారు. నా డబ్బా మూత ఎప్పుడు ఊడిందో తెలియదు, చెప్పులన్నీ తెల్లగా అయిపోయాయి.

ఇంటికి నడుస్తుంటే గొడుగు నాకు పట్టలేదు ఆ పిల్ల. తడవమంది.

"చంపేసేదాన్ని మావయ్యా నిన్ను."

"చంపు. కొత్త చెప్పులు కొనిచ్చి చంపు."

వీధి మలుపు తిరిగింది. తర్వాత అంది. "ఆ వాక్యం ఎక్కడ పెడితే కథ విరుగుతుందో నీకెలా తెలిసింది?"

"అదేముంది? మొత్తం చదివితే తెలుస్తుంది. అతనికి ఒకటే తెడ్డు, అది లేకపోతే ముసలమ్మ..." అంటూ ఆగిపోయాను.

ఆ పిల్ల గొడుగు నావైపు జరిపింది.

ఆ వారంలోనే డాక్టరు అక్క నల్లకళ్లద్దాలు తీసేశాడు. సాయంత్రం నేను పేపరు తెచ్చేసరికి, అక్క కొత్త కళ్లతో నన్ను ఎగాదిగా చూసింది. "ముసలాడివైపోయావురా" అంది. పక్కన కుర్చీ జరిపింది. "ఏదీ, మా మేక ఎంతవరకొచ్చింది? ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

కూతురి పాఠాలన్నీ ఆవిడ కుర్చీలోంచే నేర్చేసుకుంది.

నేను వేలెత్తాను. పేపరు మీద ఎక్కడా పెట్టలేకపోయాను. మళ్లీ ఒక నవ్వులాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మేక లేదక్కా."

"ఏరోజూ లేదా?"

"ఏరోజూ లేదు. నాకు అర్థం కానప్పుడల్లా దాన్ని తోలుకొచ్చాను."

అక్క నవ్వలేదు. పేపరు నా చేతిలోంచి తీసుకుంది గానీ తన ఒళ్లో పెట్టుకోలేదు. మడత విప్పి తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"చదువు."

చదివాను. పాత వంతెనకి మరమ్మతులట. బండ్లు కొన్నాళ్లు వేరే దారిన పోవాలట. ఏ దారినో నాలుగు లైన్లుంది. మూడో లైన్లో దారి తప్పాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కోడలు పిల్ల వింటోందని తెలుసు.

"అక్కా" అన్నాను. "ఇక్కడ ఆగాను."

"ఆగితే ఏమైందిరా, వెనక్కెళ్లు" అంది అక్క, కుర్చీలో కాళ్లు చాపుకుంటూ. "నేనెక్కడికీ పోవట్లేదుగా."

వెనక్కెళ్లాను. వంతెన దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను.